మొదటి వారపు మాట

మన యిల్లు – మన బిడ్డలు



ఇబ్రహీంపట్నం రింగు సెంటర్లో బస్సు దిగిన కొత్త మనిషికి మొదట కనబడేవి థర్మల్ స్టేషను పొగగొట్టాలు. 1979లో మొదటి యూనిట్ పనిచేయడం మొదలైనప్పటి నుండి ఆ ఊరికి అవే గుర్తు. ఆ మనిషి అక్కడి నుండే తిరుగు బస్సెక్కితే ఇంటికి పోయి ఏమి చెబుతాడు? "ఆ ఊరంతా పొగ, బూడిద, లారీలు" అంటాడు. అతడు అబద్ధమాడలేదు. అయితే ఫెర్రీ వరకు నడిచి, పట్టిసీమ నుండి వచ్చిన గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే చోట సాయంకాలము కాసేపు నిలబడినవాడు వేరొక మాట చెబుతాడు. పక్కనే ఉన్న కొండపల్లికి పోయి, కొయ్యబొమ్మలు చెక్కే ఇళ్ల మధ్య తిరిగి వచ్చినవాడు మూడవ మాట చెబుతాడు. ముగ్గురూ తాము చూసినదే చెప్పారు. వారిలో ఏ ఒక్కరి మాట పట్టుకుని మనము ఆ ఊరికి పిల్లనిస్తాము?

ఈ నెల మనము మాట్లాడుకోబోయేది వీడియో ఆటల గురించి. "మాకు ఆటలతో పనేమిటి?" అని పేజీ తిప్పవద్దు. ఫోను ఉన్న ప్రతి ఇంటికీ ఈ సంగతితో పని ఉన్నది. కొత్త ఆట ఒకటి రాగానే దానిని ఆడినవారు మొదటి వారములోనే తమ అభిప్రాయాలు లోకమంతటికీ చెబుతారు. మన యౌవనస్థులు ఆ మాటలు విని డబ్బు, కాలము వెచ్చిస్తారు. అటువంటి మొదటి మాటను ఎంతవరకు నమ్మవచ్చు? ఈ సంగతిని రెండు పెద్ద ఆటల చరిత్ర మనకు బాగా నేర్పుతుంది.

ముందుగా, ఇవి ఎటువంటి ఆటలో తెలియనివారి కోసం ఒక మాట. మనకు తెలిసిన ఆటలకు గీత ఉంటుంది. కబడ్డీకి బరి, కారమ్సుకు బల్ల. కాని ఈ ఆటల్లో ఒక లోకమే కట్టి పెడతారు. కొండలు, ఊళ్లు, బజార్లు, పగలు, రాత్రి, వాన, ఎండ అన్నీ ఉంటాయి. ఆడేవాడు ఒక పాత్రను ధరించి, తనకు ఇష్టమైన దిక్కుకు పోవచ్చును. దారిలో ఎదురైనవారితో మాట్లాడి, వారు చెప్పిన పనులు చేసి, మెల్లమెల్లగా బలము సంపాదించుకుంటాడు. 2011 నవంబరులో వచ్చిన స్కైరిమ్, 2015 మే నెలలో వచ్చిన విచర్ 3 ఈ కోవలో పేరుపడినవి. ఒక్కొక్కటి పూర్తిగా చూడాలంటే వంద గంటలు కూడా చాలవు. కనుక మొదటి వారములో మాట్లాడేవారు రింగు సెంటర్లో దిగిన మనిషి వంటివారే అని గుర్తుంచుకుందాము.

మొదటి ఆట పేరు సైబర్‌పంక్ 2077. విచర్ ఆటను తయారుచేసిన పోలెండు దేశపు సీడీ ప్రాజెక్టు రెడ్ సంస్థే దీనినీ చేసింది. 2012లో ప్రకటించి, ఎనిమిదేళ్లు ఊరించి, 2020లోనే మూడుసార్లు తేదీ మార్చి, చివరకు డిసెంబరు 10న విడుదల చేశారు. అప్పటికే 80 లక్షల మంది ముందుగా కొనుక్కుని ఎదురుచూస్తున్నారు. విడుదలకు ముందు పత్రికలవారికి ఆటను ఇచ్చిన మాట నిజమే. అయితే అందరికీ ఇచ్చినది శక్తిగల కంప్యూటర్ల మీద ఆడే ప్రతి మాత్రమే. తాము ఆడుతూ తీసుకున్న దృశ్యాలను చూపడానికి కూడా వారికి మొదట అనుమతి లేదు. సంస్థ ఇచ్చిన దృశ్యాలనే చూపాలి. వారు మెచ్చుకుని రాశారు. ఆ మెప్పు చదివి, ఇంట్లో పాత ఆటపెట్టె ఉన్నవారు కూడా కొన్నారు. తీరా పెట్టి చూస్తే బొమ్మలు తడబడి నడిచాయి, మనుషుల ముఖాలు సగము సగము కనబడ్డాయి, ఆట నడుమనే ఆగిపోయింది. నాలుగు రోజుల్లో సంస్థ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. వారము తిరిగేసరికి సోనీ సంస్థ ఆ ఆటను తన దుకాణములో నుండి తీసివేసి, కొన్నవారికి డబ్బు తిరిగి ఇస్తామని ప్రకటించింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మెచ్చుకున్నవారు చెప్పినది నిజమే, తిట్టినవారు చెప్పినదీ నిజమే. ఇద్దరూ ఆడినది ఒకే పేరుగల ఆట, కాని ఆడిన యంత్రాలు వేరు. మంచి రోడ్డున్న ఊరిలో కొత్త మోటారు సైకిలు నడిపినవాని మాట విని, మోకాటి లోతు బురదలో తిరిగేవాడు అదే బండి కొన్నట్లయింది.

ఆ కథ అక్కడ ముగియలేదు. ఆ సంస్థవారు ఆటను వదిలిపెట్టలేదు. 2021 జూన్ 21న అది మరల సోనీ దుకాణములోకి వచ్చింది. 2023 సెప్టెంబరులో ఆటలోని పద్ధతులను చాలామట్టుకు తిరగరాసి, 2.0 అనే మార్పును, ఒక కొత్త భాగాన్ని విడుదల చేశారు. ఒకనాడు డబ్బు తిరిగి అడిగినవారిలో అనేకులు దానిని మరల ఆడి మెచ్చుకున్నారు. ఆ యేడు అక్టోబరు నాటికి రెండున్నర కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. అంటే 2020 డిసెంబరులో విన్న కోపపు మాటను పట్టుకుని నేడు ఎవరైనా తీర్పు చెబితే అది చెల్లని నాణెము. అయినా ఆ మొదటి వారములో డబ్బు పెట్టి మోసపోయినవారి బాధ అబద్ధమైపోదు. మరొక మాట: ఆ ఆట 18 ఏళ్లు నిండినవారికని అట్టమీదనే ముద్రించి ఉన్నది. ఎంత బాగుపడినా అది బడిపిల్లల ఆట కాదు.

రెండవ ఆట మన పల్లె ఇళ్లకు ఇంకా దగ్గరది, ఎందుకంటే దానికి ఖరీదైన యంత్రము అక్కరలేదు, ఫోను చాలును. దాని పేరు గెన్షిన్ ఇంపాక్ట్. చైనా దేశములోని షాంఘైకి చెందిన మిహోయో సంస్థ 2020 సెప్టెంబరు 28న దీనిని విడుదల చేసింది. అది ఎటువంటి కాలమో జ్ఞాపకము చేసుకోండి. బడులు మూతబడి ఉన్నాయి. పాఠాలు ఫోనులోనే వినాలని, అప్పు చేసి అయినా పిల్లల చేతికి ఫోను కొనిచ్చిన రోజులు. ఆ నెల 2వ తేదీననే మన ప్రభుత్వము పబ్‌జీ మొబైలును నిషేధించింది. ఆడుతున్న ఆట పోయి పిల్లలు ఖాళీగా ఉన్న సమయాన ఈ కొత్త లోకము తెరుచుకున్నది, అదీ ఉచితముగా.

మొదటి వారములో ఆడినవారు ఏమన్నారు? ఆశ్చర్యపోయారు. కనబడిన ఏ కొండనైనా చేతులతో పట్టుకుని ఎక్కవచ్చు. శిఖరము మీద నుండి రెక్కలు చాచి గాలిలో తేలుతూ లోయలోకి దిగవచ్చు. గడ్డి మీద నిప్పు పెడితే గడ్డి తగలబడుతుంది, నీటిని చల్లదనముతో గడ్డకట్టించి దాని మీద నడిచిపోవచ్చు. దాని సంగీతములో కొంత భాగాన్ని లండన్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందము వాయించింది. 2017లో నింటెండో సంస్థ చేసిన జెల్డా ఆటను చూసి నేర్చుకున్నారని కొందరు తప్పుపట్టినా, "ఇంత పెద్ద లోకాన్ని ఊరకే ఇస్తున్నారా!" అన్నదే ఎక్కువమంది మాట. ఆ మాట కూడా నిజమే. పైసా కట్టకుండా కథంతా నడిచినవారు ఎందరో ఉన్నారు.

అయితే మూడవ వారము, నాల్గవ వారము వచ్చేసరికి మాట మారింది. తమ పాత్రలను బలపరచుకోవడానికి కావలసిన వస్తువులు తెచ్చుకోవాలంటే రెజిన్ అనే ఒక సరుకు ఖర్చవుతుంది. అది ఎనిమిది నిమిషాలకు ఒకటి చొప్పున ఊరుతుంది. మొదట్లో 120 కంటె ఎక్కువ నిలవ ఉండదు. పూర్తిగా నిండడానికి 16 గంటలు. కొంత దూరము పోయాక, ఆ నిలవను పదిపదిహేను నిమిషాల్లో ఖర్చుచేసి, మరల నిండేదాకా కాచుకోవలసి వచ్చింది. మొదటి వారములో ఈ అడ్డు చాలామందికి తగలలేదు, ఎందుకంటే అప్పటికి వారు అంత దూరము నడవలేదు. ఆడేవారి సణుగుడు విని, నవంబరులో ఆ నిలవను 160కి పెంచారు.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. తిరునాళ్లలో రింగులు విసిరే కొట్టు మనమందరము చూశాము. ముందు వరుసలో సబ్బుబిళ్లలు, వెనుక ఎత్తున గోడ గడియారము. పిల్లవాని కన్ను గడియారము మీదనే. ఈ ఆటలోనూ అటువంటి కొట్టు ఉన్నది. ఇష్టమైన వీరుని పొందాలంటే రింగు విసిరినట్లు మరల మరల అదృష్టము పరీక్షించుకోవాలి. శ్రేష్ఠమైన అయిదు నక్షత్రాల వీరుడు వచ్చే అవకాశము ఒక్కొక్క మారు వెయ్యికి ఆరు. లెక్క చూడండి: పది మార్లు విసిరినవారిలో నూటికి తొంభై నలుగురికి ఒక్కడూ రాడు. తొంభై మార్లకు ఒకడు తప్పక వస్తాడని నియమము పెట్టారు. కాని వచ్చేవాడు కోరినవాడే కానక్కరలేదు.

దానికి తోడు, రూపాయిలు నేరుగా తీసుకోరు. రూపాయిలను స్ఫటికాలుగా, స్ఫటికాలను రత్నాలుగా, రత్నాలను విసిరే హక్కుగా మార్చాలి. మూడు చేతులు మారేసరికి, ఎంత ఖర్చయిందో పెద్దవారికే లెక్క తప్పుతుంది. పిల్లల సంగతి చెప్పనక్కరలేదు. ఈ విషయముగానే అమెరికా ప్రభుత్వపు వ్యాపార నియంత్రణ సంస్థ ఆ ఆటవారి మీద ఫిర్యాదు చేసింది. 2025 జనవరిలో వారు 2 కోట్ల డాలర్లు కట్టడానికి, 16 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఈ అదృష్టపు పెట్టెలు అమ్మకుండా ఉండడానికి ఒప్పుకున్నారు. ఆ ఒప్పందము అమెరికా పిల్లలకు. మన దేశములో 2025 ఆగస్టులో వచ్చిన చట్టము, డబ్బు పెట్టి డబ్బు గెలుచుకోవాలనే ఆటలను నిషేధించింది. బొమ్మ వీరుని కోసము డబ్బు పెట్టించే ఆట వేరు సంగతి. దానికి కాపలా మన ఇంట్లోనే ఉండాలి.

రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానికి మొదటి వారము కోపము, తరువాత మెప్పు. రెండవదానికి మొదటి వారము సంతోషము, తరువాత ఖర్చు. కనుక మొదటి మాటను కొట్టివేయనూ వద్దు, దాని మీద ఇల్లు కట్టనూ వద్దు. ఏ ఆటను గురించి ఎవరు చెప్పినా మూడు ప్రశ్నలు అడగాలని మన బిడ్డలకు నేర్పుదాము.

ఒకటి: చెప్పేవాడు ఎంత దూరము నడిచి చెబుతున్నాడు? రెండు: అతడు ఆడిన యంత్రమూ మన ఇంట్లోనిదీ ఒక్కటేనా? మూడు: అతడు ఎవరి డబ్బుతో ఆడాడు? ఉచితముగా పొందినవాడు, ముందే డబ్బు కట్టి ఎదురుచూసినవాడు, కోపముతో ఉన్నవాడు ఒకే తీరుగా మాట్లాడరు.

కొండపల్లిలో బొమ్మ కొనేవారు ఏమి చేస్తారు? చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తారు. తెల్ల పొణికి కర్రతో తల వేరుగా, చెయ్యి వేరుగా చెక్కి, చింతగింజల పొడి కలిపిన మక్కుతో అతికిస్తారు. తెలిసినవారు రంగు కంటె ముందు ఆ అతుకు చూస్తారు. ముందుగా డబ్బు కట్టి ఆట కొనడమంటే చూడని బొమ్మకు వెల చెల్లించడమే. ఒక నెల ఆగితే అతుకులు వాటంతట అవే బయటపడతాయి. ఆగినందువలన ఆట ఎక్కడికీ పారిపోదు.

ఇక తల్లిదండ్రులకు రెండు మాటలు. ఇంట్లో ఒకే ఫోను ఉండి, అందులోనే బ్యాంకు ఖాతా, అందులోనే పిల్లవాని ఆట ఉన్నప్పుడు, యూపీఐ రహస్య సంఖ్య పిల్లలకు తెలియకుండా చూసుకోండి. "మా వాడే నాకు ఫోన్‌పే చేసిపెడతాడు" అని మురిసిపోయే తండ్రులు అనేకులు. ఆ మురిపెము కౌలు డబ్బు కట్టే నాటికి కన్నీరు కాకూడదు. కొనుగోలు చేసిన ప్రతిసారీ పాస్‌వర్డు అడిగే ఏర్పాటు ప్లే స్టోరులోనే ఉన్నది. తెలియకపోతే చదువుకున్న యౌవనస్థులను అడిగి పెట్టించుకోండి. నెలకు ఒకసారి ఖాతా వివరాలు చదివించుకోండి.

రెండవది: మనము కూడా మొదటి చూపుతోనే తీర్పు చెప్పేవారమే. బిడ్డ తల వంచుకుని ఫోను చూస్తుండగా "చెడిపోయాడు" అనేస్తాము. అది పొగగొట్టాలు చూసి తిరుగు బస్సెక్కిన మనిషి మాట. ఒక సాయంకాలము అరగంట పక్కన కూర్చోండి. "ఈ ఊరి పేరేమిటి నాన్నా? ఈ కొండ అవతల ఏమున్నది? ఈ వీరుడు నీకు ఎలా వచ్చాడు, ఎంతయింది?" అని అడగండి. మొదటి రెండు ప్రశ్నలకు సంతోషముగా జవాబిస్తాడు. ఆ సంతోషము మీరు ఓపికగా విన్నట్లయితేనే మూడవదానికి నిజము చెబుతాడు. ముందుగానే కసిరితే, ఆ తరువాత ఎన్నిసార్లు అడిగినా "ఊరకే వచ్చాడు" అనే అంటాడు.

ఒక నెల గడిచాక మరల అదే ప్రశ్నలు అడగండి. అప్పుడు వచ్చే జవాబును మొదటి జవాబు పక్కన పెట్టి, బిడ్డతో కలిసి మీరే చూసుకోండి. ఆ ఆట ఇంట్లో ఉండాలో వద్దో అప్పుడు ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోవచ్చును.