మడిచిన అలుగు

కళింగాంధ్రలో కత్తి మాట వినగానే బొబ్బిలి గుర్తుకు వస్తుంది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. ఆ తరువాత కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలో ప్రవేశించి, విజయనగర ప్రభువైన పూసపాటి విజయరామరాజును బాకుతో పొడిచి చంపాడు. రెండున్నర శతాబ్దాలు గడచినా జనం ఆ బాకును మరువలేదు. పాటలలో, కథలలో, నాటకాలలో, చలనచిత్రాలలో అది నేటికీ మెరుస్తూనే ఉన్నది. కాని రైతు రొంటిలోను, జాలరి సంచిలోను, లేఖకుని వ్రాతబల్ల మీదను ఉండి జీవితాంతం పనిచేసిన చిన్న చాకును గూర్చి ఎవరూ కథ కట్టలేదు. ప్రాణం తీసిన ఇనుముకు కీర్తి దక్కింది. బ్రతుకు నడిపిన ఇనుముకు పేరైనా మిగలలేదు.

అట్టి మడత చాకులను ఇటీవల కొందరు అభిరుచితో సేకరిస్తున్నారు. తాత వాడిన చాకును బీరువాలో దాచుకొన్నవారు కొందరైతే, విదేశాలలో తయారైన వాటిని వెల పోసి కొనేవారు మరికొందరు. ఇది మంచి అభిరుచియే. అయితే ఒక వస్తువును కొనడం వేరు, దానికి యజమాని కావడం వేరు. వెల చెల్లిస్తే వస్తువు చేతికి వస్తుంది. పోషణ వలననే అది మనదవుతుంది. ఈ భేదం చాకు విషయంలో తెలిసినంత స్పష్టంగా మరొక వస్తువు విషయంలో తెలియదు. ఏలయనగా ఉపేక్షించిన చాకు త్రుప్పుపట్టి తాను చెడుతుంది. దుర్వినియోగం చేసిన చాకు యజమానినే చెరుపుతుంది.

మడత చాకు నిర్మాణం సామాన్యమైనది. ఒక అలుగు, ఒక పిడి, రెంటినీ కలిపే ఇరుసుమేకు, అలుగును తెరచినప్పుడు నిలిపి ఉంచే ఉక్కు పట్టీ, ఇవే అందులోని ముఖ్యభాగాలు. కత్తికి ఒర వేరుగా ఉంటుంది. మడత చాకుకు పిడియే ఒర. పదునును తనలోనే దాచుకొనే ఈ ఏర్పాటు రోమనుల కాలానికే తెలిసినది. ఐరోపాలో పక్షి ఈకలతో వ్రాసిన రోజులలో ఈక కొసను చెక్కుకొనుటకు ప్రతి లేఖకుడు చిన్న చాకును దగ్గర ఉంచుకొనేవాడు. ఆంగ్లంలో దానికి కలపు చాకు అనే అర్థం వచ్చే పేరు అందువల్లనే ఏర్పడింది. మన దక్షిణదేశంలో తాటాకుపై వ్రాసే గంటానికి సైతం కొన్నిచోట్ల చిన్న అలుగును జతచేసి, రెంటినీ ఒకే పిడిలోకి మడిచేవారు. తమిళులు మడత గంటాన్ని మడక్కెళుత్తాణి అంటారు. ఆకు అంచును కోసేది అలుగు, అక్షరాన్ని గీసేది గంటం. చాకు విద్యకు శత్రువు కాదనీ, ఒకప్పుడు విద్యాపరికరాలలో అదీ ఒకటనీ దీనివల్ల గ్రహించవచ్చు.

తెలుగువారికి ఈ వస్తువుతో మరొక సంబంధం కూడ ఉన్నది. ప్రపంచ లోహశాస్త్ర గ్రంథాలలో ‘ఊట్జ్’ అని కనిపించే పదం తెలుగు, కన్నడ భాషలలోని ‘ఉక్కు’ నుండి పుట్టినదని పండితుల అభిప్రాయం. తెలంగాణలోని కోనసముద్రం వంటి గ్రామాలలో మూసలలో కరగించి తీసిన ఈ ఉక్కు పారశీకం వరకు ఎగుమతి అయ్యేది. 1795లో జార్జి పియర్సన్ అనే శాస్త్రజ్ఞుడు భారతదేశం నుండి వచ్చిన ఊట్జ్ ఉక్కుపై తన పరిశోధనను లండనులోని రాయల్ సొసైటీ ముందుంచాడు. ఆ పరీక్షలలో భాగంగా జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు ఆ ఉక్కుతో చేసినది ఖడ్గం కాదు, కలపు చాకు. ఆ ఉక్కు గుణానికి ముగ్ధుడైన స్టోడార్ట్ తరువాతి కాలంలో మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కుపై ప్రయోగాలు సాగించాడు. మన ఉక్కు గొప్పతనాన్ని చాటడానికి ఒక చిన్న చాకు చాలింది.

ఆధునిక కాలంలో కొన్ని ఊళ్ళకు చాకు వల్లనే పేరు వచ్చింది. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో కర్మాగారం స్థాపించి, 1891లో తమ దేశపు సైనికులకు చాకులను సమకూర్చాడు. 1897లో ఆయన రూపొందించిన అధికారుల చాకు నేడు ప్రపంచమంతటా పరిచితమైనది. ఫ్రాన్సులోని సవాయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో కొయ్యపిడి చాకును తయారుచేశాడు. తెరచిన అలుగు హఠాత్తుగా వేళ్ళపై మూసుకొనకుండ ఆపే ఉంగరాన్ని 1955లో దానికి చేర్చారు. ఇవి కర్షకులు రొట్టె కోసుకొనే, సైనికులు డబ్బా మూత తీసుకొనే సామాన్యవస్తువులు. అందువల్లనే అవి గౌరవం పొందాయి.

మన దేశంలో చాకుకు పేరొందిన ఊరు ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్. ఆ ఊరిలో రెండు సంపదలు ఉన్నాయి. ఒకటి అమూల్యమైన వ్రాతప్రతులను భద్రపరచిన రజా గ్రంథాలయం. రెండవది నేర్పరులైన పనివారు చేసిన మడత చాకు. హిందీ చలనచిత్రాలు ఆ చాకును ప్రతినాయకుని చేతిలో పెట్టి దేశమంతటా చూపాయి. ఫలితంగా గ్రంథాలయాన్ని ఎరుగనివారికి సైతం చాకు తెలిసింది. అది కూడ భయంకర వస్తువుగానే తెలిసింది. తరువాత పొడవైన అలుగులపై ప్రభుత్వ ఆంక్షలు వచ్చాయి. గిరాకి తగ్గి, అనేక కుటుంబాలు ఆ వృత్తికి దూరమయ్యాయి. 2023లో ఆ ఊరి కూడలిలో సుమారు 20 అడుగుల చాకు నమూనాను నిలిపి, పోయిన ప్రతిష్ఠను గుర్తుచేసుకొన్నారు. చేసినవాని నైపుణ్యంలో దోషం లేదు. పట్టినవాని బుద్ధియే ఒక కళకు మచ్చ తెచ్చింది. చాకును కలిగి ఉండదలచిన ప్రతి యువకుడు తలపోయవలసిన ఉదాహరణ ఇది.

ఇక పోషణ మాట. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు సముద్రతీరంలో ఉన్నవి. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి తీరాల నుండి వీచే గాలిలో ఉప్పు ఉంటుంది. ఇనుము, గాలిలోని ప్రాణవాయువు, తేమ కలిసినప్పుడు త్రుప్పు పుడుతుంది. ఉప్పు ఆ చర్యను వేగవంతం చేస్తుంది. ఇక్కడి వానకాలంలో తుడవని చాకు ఒక్క రాత్రిలోనే ఎర్రబారవచ్చు. 1913లో షెఫీల్డు నగరంలో హారీ బ్రియర్లీ క్రోమియం కలిపిన త్రుప్పుపట్టని ఉక్కును తయారుచేసిన తరువాత ఈ బెడద కొంత తగ్గింది. అయినను ఉప్పునీటిలో నానితే ఆ ఉక్కుకూ గుంటలు పడతాయి. ఏ ఉక్కూ అశ్రద్ధను క్షమించదు.

పోషణకు పెద్ద వ్యయం అక్కరలేదు. పని ముగియగానే అలుగును తుడిచి, బాగుగా ఆరిన తరువాతనే మడవాలి. మామిడికాయ, నిమ్మపండు, జీడిమామిడి పండు కోసినప్పుడు వాటి పులుపు, వగరు పాత ఉక్కును నల్లబరుస్తాయి కనుక వెంటనే కడిగి తుడవాలి. అలుగు దిగే గాడిలో చేరిన దుమ్మును వెదురుపుల్లకు దూది చుట్టి తీయాలి. ఇరుసుమేకు దగ్గర కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, రెండు మూడుసార్లు మెల్లగా తెరచి మూయాలి. అలుగుపై నూనె పూత పలుచగా ఉంటే చాలు. తినే వస్తువులను కోసే చాకుకైతే కొబ్బరినూనె మేలు. తక్కిన వంటనూనెలు కాలక్రమంలో జిగురై, మడతను బిగుసుకొనేటట్లు చేస్తాయి.

పిడిని గూర్చి కూడ జాగ్రత్త అవసరం. కొయ్యపిడి వానకాలంలో ఉబ్బి అలుగును బిగించివేస్తుంది. కొమ్ముపిడి వేసవిలో ఎండి పగులుతుంది. శ్రీకాకుళం జిల్లా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి కొమ్ముపనికి పేరొందిన ఊరు. అక్కడి వస్తువులను చూచినవారికి కొమ్ము ఎంత నునుపు తేలగలదో తెలుసు. చాకుకు ఇత్తడి పట్టీలు ఉన్నప్పుడు మన ఇళ్ళలో సాధారణంగా ఒక పొరపాటు జరుగుతుంది. బూడితి ఇత్తడి చెంబును తోమినట్లే చాకును కూడ చింతపండుతో తోముతారు. ఇత్తడి తళతళలాడుతుంది కాని, ఆ పులుపు ప్రక్కనే ఉన్న ఉక్కును తినివేస్తుంది. అట్లే చాకును తోలుసంచిలో ఏళ్ళ తరబడి ఉంచరాదు. తోలు తేమను పీల్చి, ఇత్తడికి చిలుము పట్టిస్తుంది. పొడి నూలుగుడ్డలో చుట్టి ఉంచడం, వానకాలంలో పక్షానికి ఒకసారి తీసి చూడడం ఉత్తమం.

పదును విషయంలో లోకంలో ఒక అపోహ ఉన్నది. మొద్దు చాకు ప్రమాదరహితమని అనేకులు భావిస్తారు. నిజానికి మొద్దు అలుగుకు ఎక్కువ బలం ఉపయోగించవలసి ఉంటుంది. బలం ఎక్కువైనప్పుడు అది జారి చేతిని కోస్తుంది. కావున సానరాయిని తడిపి, అలుగును సుమారు 20 డిగ్రీల వాలులో ఉంచి, రెండు వైపులా సమానంగా నూరాలి. పదునును బొటనవ్రేలితో గాక కాగితపు అంచుతో పరీక్షించాలి. చాకును ఇతరులకు అందించేటప్పుడు మడిచి అందించడం మర్యాద మాత్రమే కాదు, రక్షణ కూడ.

ఇక్కడ సేకరణకర్తలలో కొందరు ఒక ఆక్షేపణ చేస్తారు. వాడితే వెల తగ్గుతుంది, సానపెడితే ప్రాచీనత పోతుంది, కావున పెట్టెలో ఉంచడమే సరి అని వారి వాదం. ఇందులో కొంత సత్యం ఉన్నది. అరుదైన పాత చాకును గరుకు కాగితంతో రుద్ది కొత్తదానివలె మెరిపించడం అపచారమే. వయసుతో వచ్చిన నల్లని పూత దాని చరిత్ర. త్రుప్పు వేరు, ఆ పూత వేరు. త్రుప్పును మాత్రమే నూనెగుడ్డతో నెమ్మదిగా తొలగించాలి. కాని పెట్టెలో ఉంచినంత మాత్రాన చాకు సురక్షితం కాదు. ముట్టని చాకుకు కూడ గాలి తగులుతుంది, తేమ తగులుతుంది. సంవత్సరాల తరువాత తెరచి చూస్తే తెరచుకొనని చాకులు ఎన్నో ఉంటాయి. వెలను కాపాడదలచి వస్తువునే పోగొట్టుకొన్నవారిని యజమానులని ఎట్లు అనగలం?

యాజమాన్యంలో ధర్మం కూడ ఒక భాగమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఏనుగు దంతం, జింక కొమ్ముల వ్యాపారం నేరం. అట్టి పిడి ఎంత అందమైనదైనా కొనరాదు, అమ్మరాదు. 1959 నాటి ఆయుధ చట్టం క్రింద రూపొందిన నియమాలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల అలుగులను ఆయుధాల పట్టికలో చేర్చాయి. గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మినహాయింపు ఉన్నది. అయితే చిన్న చాకు ఆ కొలతలకు లోబడి ఉన్నంత మాత్రాన ఎక్కడికైనా తీసుకొని పోవచ్చునని అర్థం కాదు. విమానంలో దానిని చేతిసంచిలో అనుమతించరు. తరగతి గదిలో, తిరునాళ్ళలో, ఎన్నికల సభలలో దానికి పని లేదు.

కొందరు యువకులు ఆత్మరక్షణ కోసం చాకును వెంట ఉంచుకొంటామని అంటారు. ఇది తమను తాము మోసగించుకొనే మాట. రెండు మాటలతో ముగియవలసిన తగవు, జేబులో చాకు ఉన్నందువలన ఆసుపత్రిలోనో చెరసాలలోనో ముగుస్తుంది. కోపం ఒక క్షణం ఉంటుంది. ఆ క్షణంలో చేతికి అందిన అలుగు చేసిన గాయం రెండు కుటుంబాలను జీవితాంతం బాధిస్తుంది. పదిహేడేళ్ళ వయసులో చాకు ధైర్యాన్ని ఇచ్చినట్లు తోస్తుంది. నిజానికి అది భయానికి గుర్తు. తాతగారి చాకుతో కొబ్బరిపీచు కోసి, పెన్సిలు చెక్కి, తుడిచి, మడిచి పెట్టగలిగినవాడే దానిని ధరించుటకు అర్హుడు. పదును తెలిసినవాడు దానితో ఆటలాడడు.

ఒకప్పుడు ఊరి కమ్మరి కొలిమి వద్దకు పోయి పనిముట్టును సరిచేయించుకొనేవారు. సైకిలుపై సానరాయి కట్టుకొని వచ్చే వ్యక్తి కేక వినగానే ఇల్లాండ్రు కత్తిపీటలతో వీధిలోకి వచ్చేవారు. నేడు విరిగినదానిని పారవేసి కొత్తది కొనడం అలవాటైనది. ఈ అలవాటు వల్ల పోయినది కొన్ని రూపాయలు మాత్రమే కాదు. వస్తువుతో కలిసి జీవించే ఓర్పు, పనివాని శ్రమపట్ల గౌరవం కూడ పోతున్నవి. మడత చాకును చక్కగా పోషించే అభిరుచి ఈ రెండింటిని తిరిగి నేర్పగలదు. సానపట్టే శ్రమ తెలిసినవానికి ఆ వృత్తి చేసేవానితో బేరమాడడానికి నోరు రాదు.

మడత చాకు గొప్పతనం అలుగులో మాత్రమే లేదు, మడతలో ఉన్నది. అవసరమైనప్పుడు తెరచుకొని, పని ముగియగానే తన పదునును తనలో దాచుకొంటుంది. ఆ చాకును తండ్రి చేతినుండి అందుకొన్నవాడు, త్రుప్పు లేకుండ, రక్తపు మరక లేకుండ తన కొడుకు చేతిలోనో కూతురి చేతిలోనో పెట్టగలిగితే, దానికి నిజమైన యజమాని అయినట్లే.