గద్దర్ పేరు మీద పంచాయితీ, పాట మీద పట్టింపేది?

గద్దరన్న పేరు ఎత్తితే సాలు, మనోళ్లు రొండు తీర్లుగ చీలిపోతరు. కొందరికి దేవుడు, ఇంకొందరికి దుష్మన్. 2023 ఆగస్టు 6న ఆయన పోయినంక గూడ ఈ పంచాయితీ తెగలే. రాష్ట్ర సర్కారు పద్మ అవార్డుకు ఆయన పేరు పంపితే, 2025 జనవరిల నక్సలైట్లల్ల ఉన్నోనికి ఎట్లిస్తమని కేంద్ర మంత్రి బండి సంజయ్ అడ్డం మాట్లాడిండు. అదే ఏడు జూన్ల నంది అవార్డుల జాగల గద్దర్ పేరు మీద సినిమా అవార్డులిచ్చిన్రు.

తిట్టేటోళ్లకు తుపాకి కనవడుతది, మొక్కేటోళ్లకు విగ్రహం కనవడుతది. గొంగడేసుకొని, గజ్జె కట్టి కూలోళ్ల కష్టం పాడిన గొంతు ఇద్దరికీ ఇనవడుతలేదు. 1997ల తూటాలు దిగినా ఆ గొంతు ఆగలే. ఓట్లు బహిష్కరించమన్న మనిషి 2018ల తొలిసారి ఓటేసిండు. గది ఎందుకని అడుగుడు మన హక్కే. కానీ ముందు పాటలు ఇని అడగాలె.

సర్కారుకు ఒక్క మాట. సినిమా హీరో చేతిల పెట్టే బొమ్మకు గద్దర్ పేరు పెడితే ఒడిసిపోదు. ఊర్లల్ల డప్పు కొట్టి, ఒగ్గు కథ చెప్పి బతికేటోళ్లకు పింఛన్ ఇయ్యుర్రి. ఆయన పాటలన్నీ ఒక్కకాడ జమజేసి బడి పిల్లలకు అందేటట్టు చేయుర్రి.