నలభై దాటిన చెవులకీ పాటలున్నాయి

"ఈ వయసులో నీకు పాటలేంటమ్మా!" ఈ మాట వినిపించని ఇల్లుంటుందా చెప్పండి? పిల్లలు నవ్వుతూ అంటారు, ఇంటాయన పేపరు దించకుండానే అంటారు. పెళ్ళిళ్ళలో మోగేవి కుర్రకారు పాటలు. టీవీలో వచ్చేవి పదహారేళ్ళ ప్రేమ పాటలు. మనకి మిగిలినవి పొద్దున్నే సుప్రభాతం, శుక్రవారం లలితా సహస్రనామం. భక్తి వద్దని నేననను. కానీ నలభై అయిదేళ్ళ ఆడమనిషికి దేవుడితో చెప్పుకునేవి కాక ఇంకా కొన్ని ఉంటాయి కదండీ! అలసట, కోపం, పోయినవాళ్ళ తలపు, మళ్ళీ మొదలుపెట్టాలన్న పట్టుదల. వాటికి పాటలు లేవా? బోలెడున్నాయి. అవీ మనం ఎన్నడూ తొంగిచూడని చోట, రాక్ సంగీతంలో.

"ఆ గోలా?" అని మూతి విరవకండి. కాస్త ఓపిక పట్టండి.

మా చాట్రాయి వైపు ఇళ్ళలో ఒకప్పుడు పాటంటే విజయవాడ రేడియోనే. 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు గారి వంటివాళ్ళు కూర్చుని, ఇది భక్తిరంజని, ఇది లలిత సంగీతం అని ఏర్చి కూర్చి వినిపించేవారు. ఇప్పుడు ఫోను నిండా పాటలే, ఏరిపెట్టే పెద్దలే లేరు. ఫోను తనంతట తాను చూపించేది ఎక్కువమంది చూసేదాన్నే. కాబట్టి తోటలో కాయ ఏరినట్టు మనమే ఏరుకోవాలి. ఏది పక్వానికొచ్చిందో, ఏది పైకి మాత్రం రంగు తిరిగిందో తెలుసుకోవాలి.

ముందు రాక్ అంటే ఏమిటో చూద్దాం. కరెంటు గిటారు, కింద బేస్ గిటారు, డ్రమ్ములు, వాటి మీద మనిషి గొంతు. అంతే. హార్డ్ రాక్‌లో గిటారు శబ్దాన్ని యాంప్లిఫయర్‌లో మోతాదు మించి తోసి కావాలనే గరుకు చేస్తారు. మొదటిసారి చెవికి కొడుతుంది. కొత్తావకాయ కూడా కలిపిన రోజునే నోట్లో పెట్టుకుంటే అంతే కదా! మూడోరోజు తిరగకలిపాకే ఉప్పూకారం, నూనే కుదురుకుంటాయి. ఈ పాటలూ మూడుసార్లు వినాలి. మొదటిసారి గొంతు వినండి, రెండోసారి వాయిద్యాలు, మూడోసారి మాటలు.

ఇంతకీ ఈ సంగీతానికి దారి వేసినవాళ్ళలో ఒకావిడ భజన పాటలు పాడే మనిషి. సిస్టర్ రోజెటా థార్ప్, 1915లో అమెరికాలోని ఆర్కాన్సాస్‌లో పుట్టిన నల్లజాతి స్త్రీ. తల్లితో కలిసి చర్చిలో దేవుడి పాటలు పాడుతూ పెరిగింది. ఆ పాటలకే కరెంటు గిటారు జోడించి వాయించింది. ఆవిడ వాయింపు విని నేర్చుకున్న మగవాళ్ళు తరవాత పెద్ద పెద్ద రాక్ గాయకులయ్యారు. 1964లో ఇంగ్లండులోని మాంచెస్టర్ దగ్గర, వాడకం మానేసిన రైల్వే స్టేషనులో, వర్షం తడిలో కోటు వేసుకుని పాడిన వీడియో దొరుకుతుంది. అప్పటికి ఆవిడకి నలభై తొమ్మిదేళ్ళు. మొదలుపెట్టేవాళ్ళు దీంతోనే మొదలుపెట్టండి. భక్తికీ రాక్‌కీ చుట్టరికం ఉందని మీకే తెలుస్తుంది.

రెండోది టీనా టర్నర్. ఈవిడ కథ మనలో చాలామంది ఒంటరిగా కూర్చుని వినాల్సిన కథ. భర్తతో కలిసి పాడి పేరు తెచ్చుకుంది, అదే భర్త చేతిలో ఏళ్ళ తరబడి దెబ్బలు తింది. 1976లో డల్లాస్ ఊళ్ళో హోటలు గదిలోంచి బయటపడేటప్పటికి చేతిలో ఉన్నవి ముప్ఫై ఆరు సెంట్లు. 1978లో విడాకులొచ్చాయి. వాటిలో ఆవిడ గట్టిగా పట్టుబట్టింది టీనా టర్నర్ అన్న పేరు కోసమే. ఆ పేరుతోనే కదా కూడు తినాలి! తరవాత అప్పులు తీర్చుకుంటూ హోటళ్ళలో పాడింది. ఇక ఈమె పని అయిపోయిందని అందరూ అనుకున్నాక, 1984లో 'ప్రైవేట్ డాన్సర్' అనే ఆల్బమ్ వచ్చింది. అప్పుడు ఆవిడకి నలభై నాలుగేళ్ళు. అందులో ప్రేమ గురించి పాడిన పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఇరవై ఏళ్ళ పిల్ల ప్రేమ మీద పాడేది వేరు, అన్నీ చూసిన మనిషి పాడేది వేరు. 1988లో బ్రెజిల్‌లోని రియోలో ఆవిడ పాట వినడానికి సుమారు 1,80,000 మంది వచ్చారు. బౌద్ధం పాటించిన ఈవిడ పెద్దవయసులో మన సంస్కృత శాంతి మంత్రం కూడా పాడింది. 2023లో కన్నుమూసింది.

మూడోవిడ ప్యాటీ స్మిత్. 1975లో 'హార్సెస్' అనే ఆల్బమ్‌తో పేరొచ్చింది. 1980లో పెళ్ళి చేసుకుని, వేదికలు వదిలి డెట్రాయిట్ దగ్గర సంసారం పెట్టింది. ఇద్దరు పిల్లలు. వంటా, ఉతుకులూ, పెంపకమూ. పిల్లలు లేవకముందే లేచి, ఆ కాస్త సమయంలో రాసుకునేది. మనకి తెలియని సంగతా ఇది! 1994లో భర్త పోయాడు, నెల తిరిగేసరికి తమ్ముడూ పోయాడు. ఆ దుఃఖంలోంచి 1996లో 'గాన్ ఎగైన్' వచ్చింది. దగ్గరివాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు వింటే, ఆవిడ గొంతు ఓదార్చదు, పక్కన వచ్చి కూర్చుంటుంది. 2016లో స్టాక్‌హోమ్‌లో, నోబెల్ బహుమతుల సభలో బాబ్ డిలన్ పాట పాడుతూ మధ్యలో మాట మరిచిపోయింది. ఆగి, కంగారుగా ఉంది మన్నించండని చెప్పి, మళ్ళీ అందుకుంది. డెబ్భయ్యో ఏట, రాజుగారి ఎదుట! ఆ వీడియో మీ ఆడపిల్లలకి చూపించండి.

హార్డ్ రాక్ రుచి చూడాలంటే హార్ట్ అనే బృందం ఉంది. ఆన్ విల్సన్, నాన్సీ విల్సన్ అక్కచెల్లెళ్ళు. అక్క గొంతు, చెల్లెలి గిటారు. 1977లో వచ్చిన 'బారకూడా' పాట ఒట్టి కోపమే. తమ అక్కచెల్లెళ్ళ బంధం మీద వెకిలి ప్రచారం పుట్టించి పాటలు అమ్ముకోబోయిన వ్యాపారుల మీద కోపం. ఆడవాళ్ళకి కోపం వస్తే గిన్నెలే మోగాలా, గిటారు మోగకూడదా! అయితే ముందు 2012లో వాషింగ్టన్ సభలో వాళ్ళు పాడిన 'స్టెయిర్‌వే టు హెవెన్' వినండి. మెల్లగా మొదలై మెట్టు మెట్టుగా పైకెక్కే పాట కాబట్టి చెవి అలవాటు పడుతుంది. ఆ పాట కట్టిన లెడ్ జెప్లిన్ బృందంవాళ్ళు ఎదురుగా కూర్చుని విన్నారు. వాళ్ళ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ కళ్ళు చెమర్చడం కనిపిస్తుంది. అప్పటికి ఆన్ వయసు అరవై రెండు.

ఇంగ్లీషు రాదని వెనకాడకండి. త్యాగరాజ కృతిలో ప్రతి మాటకీ అర్థం తెలిసే తల ఊపుతున్నామా? ఫోనులో మైకు గుర్తు నొక్కి గాయని పేరు, పాట పేరు, సంవత్సరం తెలుగు ఉచ్చారణలోనే చెప్పినా చాలాసార్లు దొరుకుతుంది. దొరక్కపోతే పిల్లల చేత కొట్టించండి. ఏరేటప్పుడు మూడు జల్లెళ్ళు పట్టండి. పాడే మనిషి ఆ మాట అనుభవించి పాడుతోందా? పాట మన వయసుకి తెలిసిన సంగతి చెబుతోందా? పదోరోజు వింటే ఇంకా ఏదైనా మిగులుతోందా? మూడూ నిలిస్తే దాచుకోండి. గరుకు మరీ ఎక్కువనిపిస్తే 'అకూస్టిక్' అనే మాట కలిపి వెతకండి, అదే పాట మామూలు గిటారుతో దొరకొచ్చు. రాక్‌లో మోటు మాటలున్న పాటలూ ఉంటాయి, పిల్లల ముందు పెట్టేముందు ఒకసారి వినడం మంచిది.

ఇంకో ముఖ్యమైన మాట. పొయ్యి మీద కుక్కరున్నప్పుడు రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు, విజిల్ వినపడదు. సౌండు సగం దాటించకండి. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకి మించి వినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇంట్లో ఎవరి పాట వాళ్ళకుంది. పిల్లలది పిల్లలకి, ఆయనది ఆయనకి. మధ్యాహ్నం అంట్లు తోముకుని నడుం వాల్చే ఆ అరగంటలో మనకంటూ ఒక పాట ఉంటే ఎవరి సొమ్మూ పోదు. ఈ వారం నాలుగింటిలో ఒక్కటి విని చూడండి. నచ్చితే పక్కింటి వదినగారికీ వినిపించండి.