ఇంగ రవ్వంత వడ్డించే ముందు

పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రానే. అందుకే మన బడి కన్నడం, వంటిల్లు తెలుగు. ఎదురైన మనిషిని కన్నడంలో ‘ఊట ఆయ్తా’ అంటాం, తెలుగులో ‘తింటివా’ అంటాం. ఏ భాషలోనైనా పలకరింపు తిండితోనే. ఈ ఏడాదిగా ఆ పలకరింపే మా వదినకు పరీక్షైపోయింది.

బెంగళూరులో ఆమెకు బరువు తగ్గే ఆపరేషన్ అయ్యి పదకొండు నెలలు. ఆమెను అడిగే ఇది రాస్తున్నాం. ముందు చుట్టాలందరూ ఖర్చు ఎంత, ప్రమాదమా అని అడిగినారు. తర్వాత ఎట్లా తినాల అని ఒక్కరూ అడగలేదు. ఎందుకు తినలేదని మాత్రం అందరూ అడిగినారు. మా అభిప్రాయం ఏమంటే, ఆమె తన తిండి మార్చుకుంది, ఇప్పుడు మారాల్సింది వడ్డించే మనం.

మన ఊళ్ళల్లో దీన్ని కొవ్వు తీసే ఆపరేషన్ అంటారు. ఆ మాట వస్తే 2015లో చనిపోయిన ఆర్తీ అగర్వాల్ పేరో, 2022లో బెంగళూరులో చనిపోయిన కన్నడ నటి చేతనా రాజ్ పేరో ఎత్తి భయపెడతారు. వాళ్ళ గురించి వార్తల్లో వచ్చింది చర్మం కింద కొవ్వు తీసే చికిత్స, అది వేరు. వదినకు చేసింది స్లీవ్. అందులో జీర్ణాశయం ముప్పాతిక భాగానికి పైగా తీసేస్తారు, అరటిపండంత గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే, కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో బరువు తగ్గే ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళే. ఇద్దరికీ షుగరు ఉండేది. వదినకూ అంతే, అందం కోసం పోలేదు.

మొదటి రెండు వారాలు నీళ్ళలాంటివే, తర్వాత మెత్తగా మెదిపినవి, ఆ తర్వాతే మామూలు తిండి. అసలు కష్టం అక్కడ మొదలైంది, సంగటి దగ్గర.

సంగటి నమిలేది కాదు, మింగేది. చిన్నప్పుడు మేం నమిలితే అవ్వ నవ్వేది. పప్పులో ముంచి గుటుక్కున దించేయాల. కొత్త పొట్టకు ఏదైనా ఇరవై ముప్పై సార్లు నమిలి పంపాల. జిగట సంగటి అట్లే మింగితే దిగదు. గుండెల మీద బండ పెట్టినట్టుంటుంది, నోట్లో నీళ్ళూరతాయి, ఆఖరికి వాంతి. ఇంకొక లెక్క కూడా ఉంది. నూరు గ్రాముల రాగిపిండిలో ప్రోటీను సుమారు 7 గ్రాములు. ఆమెకు రోజుకు కనీసం 60 గ్రాములు కావాలన్నారు. పూటకు పట్టేది కాఫీ లోటాడు. సంగటే ముందు పడితే తక్కినదానికి చోటెక్కడ? రాగుల్లో క్యాల్షియం మెండు, వాటి మీద మాకేం కోపం లేదు. ఆమె వరుస మార్చుకుంది, అంతే. ముందు గుడ్డో, మెత్తగా ఉడికిన ఉలవలో, గట్టి పెరుగో. తర్వాత కూర. చోటుంటే నిమ్మకాయంత సంగటి, చారులో కలిపి. మన చెనక్కాయల ఊరిబిండి నాలుక్కి రుచి చూపించేంతే, నూనె ఎక్కువ కదా.

అన్నం మధ్యలో నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాల. పావగడ ఎండలో ఇదెంత కష్టమో మీకు చెప్పేదేముంది.

పోయిన మాఘంలో ఒక పెండ్లిలో దగ్గరి బంధువు ఒకామె వదిన విస్తట్లో ఓళిగ వేసి, నెయ్యి పాలు పోసి, ‘నా మీద ఒట్టు’ అనింది. సగం తినింది వదిన. కాసేపటికే ఒళ్ళంతా చెమట, గుండె దడ, కండ్లు తిరగడం. తీపి గబుక్కున చిన్నపేగులోకి జారితే ఇట్లా అవుతుంది, డాక్టర్లు డంపింగ్ అంటారు. ఆ రోజు నుంచి ఆమె పెండ్లిళ్ళకు రావడం మానేసింది. అంతకు ముందు మూడో నెలలో జుట్టు రాలినప్పుడు, ఏదో పెద్ద జబ్బు దాస్తున్నారని గుసగుసలు. బరువు త్వరగా తగ్గేటప్పుడు జుట్టు రాలడం మామూలే, మళ్ళీ వస్తుంది. ఆరోగ్యం బాగుపడిన మనిషి చుట్టాల్ని తప్పించుకుని తిరగడం మాకు నచ్చలేదు.

పెద్దవాళ్ళ తరఫున కూడా ఒక మాట. ఇది కరువు నేల. ఒళ్ళు తగ్గిందంటే పంట పోయిందనో జబ్బు చేసిందనో అర్థం చేసుకున్న కాలం వాళ్ళది. ఇంకొకరికి కడుపునిండా పెట్టగలిగితే అదే గొప్ప. ఆ ప్రేమతోనే ‘ఇంగ రవ్వంత’ అంటారు. ప్రేమ సరే, బలవంతం మాత్రం ఆపాల.

ఒక్కపొద్దులూ అంతే. శ్రావణ శనివారాలు శనిమహాత్మ గుడికి జనం పోటెత్తుతారు, మన ఇళ్ళల్లో పగలంతా ఉపవాసం, ఒకేసారి నిండా భోజనం. ఆమె రోజుకు ఐదారు సార్లు కొంచెం కొంచెం తినాల, కాబట్టి ఈసారి వదిలేసింది. దేవుడి సంగతేమో గానీ, అవ్వకు కోపమొచ్చింది. నెల తర్వాత తగ్గింది.

మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకచోట మార్పు చేస్తే, బాగా పనిచేస్తున్నవాటిని కూడా మళ్ళీ పరీక్షించాల. వదిన రక్తపరీక్షలూ అట్లాంటివే. బి12, ఇనుము, క్యాల్షియం, డి విటమిను మాత్రలు జీవితాంతం ఉంటాయి. ‘బాగానే ఉన్నావు కదా, మాత్రలెందుకు’ అనేవాళ్ళకు ఒకటే జవాబు: మానేస్తే రక్తం తగ్గుతుంది, బి12 లేకపోతే నరాలు దెబ్బతింటాయి.

వచ్చే నెల చిన్నాన్న మనవడి పుట్టెంట్రుకలు. వదిన వస్తానంది. వడ్డించేది మన ఇంటి పిల్లలే కాబట్టి, ఆమెకు చిన్న గిన్నె పెట్టమని, రెండోసారి అడగొద్దని ముందే చెప్పినాం. ఓళిగల చారు మాత్రం కారం తగ్గించి ఒక లోటాడు పక్కన తీసిపెట్టమన్నాం. అది ఆమెకు బాగా దిగుతుంది.