రోడ్డు సైకిలుకీ రెండు బోల్టులే చాలు

క్లిప్‌లెస్ పెడల్లో బూటు అడుగున బిగించిన క్లీటు టక్కున ఇరుక్కుంటుంది. మరి క్లిప్‌లెస్ అనే పేరెందుకంటే, పాత పెడళ్ళకుండే కాలివేళ్ళ క్లిప్పూ పట్టీ వీటికి లేవు కాబట్టి. 1985లో బెర్నార్ ఇనో లుక్ పెడళ్ళతో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాక ఇవి రేసుల్లో ఊపందుకున్నాయి.

చిక్కంతా అక్కడే. రేసుగాళ్ళ పెడళ్ళే మనకీ కావాలనుకుంటాం. ఆ మూడు బోల్టుల ప్లాస్టిక్ క్లీటు బూటు కిందికి పొడుచుకొచ్చి ఉంటుంది. కాఫీ కోసం దిగితే బాతు నడకే, పైగా నడిచేకొద్దీ అరిగిపోతుంది. ఆగకుండా గంటలకొద్దీ తొక్కేవాళ్ళకి మాత్రం పాదం కింద ఆ వెడల్పు హాయినిస్తుంది, కాదనను.

మిగతావాళ్ళకి నేను చెప్పేది ఎస్‌పీడీ. షిమానో 1990లో కొండదారుల సైకిళ్ళ కోసం తెచ్చింది. రెండు బోల్టుల చిన్న లోహపు క్లీటు, బూటు అడుగులోనే దాగుంటుంది. రోడ్డుకీ గ్రావెల్‌కీ కొండకీ ఒకే జత బూట్లు సరిపోతాయి. మరీ బురదలో తిరిగేవాళ్ళు నాలుగు వైపులా పట్టే క్రాంక్‌బ్రదర్స్ ఎగ్‌బీటర్ చూడొచ్చు.

కొత్తవాళ్ళు స్ప్రింగు బాగా వదులు చేసుకోండి. మడమ ఏ వైపు తిప్పినా ఊడొచ్చే ఎస్‌హెచ్56 క్లీటు తీసుకోండి. మూడు బోల్టులవే కావాలంటే షిమానోలో పసుపు రంగువి కొనండి, పాదం 6 డిగ్రీలు కదులుతుంది. ఎర్రవి అసలు కదలనివ్వవు, మోకాళ్ళకి మంచిది కాదు.

సిగ్నల్ దగ్గర కాలు ఊడిరాకపోతే పడేది పక్కనున్న కారు మీదకే. ముందు గోడ పట్టుకుని ఓ యాభైసార్లు పెట్టి తీయండి, తర్వాతే రోడ్డెక్కండి.