చదవకపోతే షెడ్డుకి పొమ్మనకండి

క్వార్టర్లీ పరీక్షలో నాకు లెక్కల్లో నూటికి 41 వచ్చాయి. రిపోర్టు కార్డు మీద సంతకం పెడ్తూ మా నాయన, "ఇట్లే చదివితే మీ మామ షెడ్డులో స్పానర్లు పట్టుకోవాల్సిందే" అన్నాడు. మరుసటి రోజు బడిలో కూడా ఒకరు అదే మాట అన్నారు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఇంటికి పోయినాక మాత్రం నవ్వు రాలేదు.

ఆ మాటకు జవాబుగా ఈ వ్యాసం రాస్తున్నాను. పెద్దవాళ్లను ఎదిరించాలని కాదు. తక్కువ మార్కులకు సాకు చెప్పాలనీ కాదు. 41 తక్కువే, ఒప్పుకుంటున్నాను. కానీ చదువు రానివాళ్లకు మెకానిక్ షెడ్డు ఒక శిక్ష అన్నట్టు మాట్లాడడం తప్పు. చదువు రానివాడిని అక్కడికి పంపితే ముందు పాడయ్యేది వాడు కాదు, ఇంజను. ఇది నేను కళ్లారా చూసినాను.

మన హోసూరులో టీవీఎస్ మోటార్ కర్మాగారం ఉంది. ఇక్కడ తయారైన బండ్లు దేశమంతా తిరుగుతున్నాయి. అట్లాంటి ఊళ్లో కూడా ఇంజను విప్పేవాడు చదువు లేనివాడే అనుకుంటే ఎట్లా?

మా మామ షెడ్డుకు నేను ఆదివారాలూ సెలవుల్లోనూ పోతాను. మొన్న క్వార్టర్లీ సెలవుల్లో ఒక అన్న తన 200 సీసీ బండి ఇంజను తెచ్చినాడు. దానికి టర్బో పెట్టాలట. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకులో నడపడానికి, రోడ్డు మీద కాదు. రోడ్డు మీద తిరిగే బండిని అనుమతి లేకుండా ఇట్లా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్తుంది. ఈ మాట మా క్లాసు అబ్బాయిలు కొందరు గట్టిగా గుర్తు పెట్టుకోవాలి.

టర్బో అంటే ఏమిటో ముందు చెప్తాను. మామూలు ఇంజను గాలిని తనే పీల్చుకుంటుంది. టర్బోలో సైలెన్సరు వైపు పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద ఉన్న ఇంకో చక్రం గాలిని ఇంజనులోకి నెడుతుంది. ఎక్కువ గాలి, దానికి తగిన పెట్రోలు, ఎక్కువ శక్తి. వినడానికి సులభమే. 1982లో హోండా సీఎక్స్500 టర్బో బండి తెచ్చింది. తర్వాత యమహా, సుజుకి, కవాసాకి కూడా తెచ్చాయి. కొన్నేళ్లలోనే నాలుగు కంపెనీలూ వాటిని ఆపేశాయి. అంత పెద్ద కంపెనీలే వదిలేసిన పని అది. టర్బో డబ్బా కొని బిగిస్తే అయిపోదు. దానికంటే ముందు సిలిండరు హెడ్డును సిద్ధం చేయాలి.

ఆ అన్న మా దగ్గరికి రాకముందే ఇంకొక చోట హెడ్డు పని చేయించుకున్నాడు. గాలి లోపలికి పోయే దారిని పోర్టు అంటారు. దాన్ని ఎవరో ఇష్టమొచ్చినట్టు పెద్దది చేసి, అద్దంలా పాలిష్ పెట్టినారు. చూడడానికి వెండి గిన్నె మాదిరి ఉంది. నేను అబ్బురపడితే మామ, "ఏమిరా అల్లుడూ, ఇందులో మొగం చూసుకుంటావా?" అన్నాడు. మామ లైటు పెట్టి చూపించినాడు. పోర్టు అడుగున మలుపు తిరిగేచోట లోహం మరీ ఎక్కువ కోసేసినారు. అక్కడ గోడ పల్చబడిపోయింది. ఒక లోహపు ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి చూసి మామ పక్కన పెట్టేసినాడు. ఆ హెడ్డు ఇక పనికి రాదు. ఆ అన్న వేరే హెడ్డు కొనాల్సి వచ్చింది.

పోర్టు పెద్దదైతే గాలి ఎక్కువ పోతుంది కదా అని నేనూ అనుకున్నాను. మన చుట్టూ పూలతోటలున్నాయి, నీళ్లు కట్టడం అందరికీ తెలుసు. అదే నీటికి కాలువ వెడల్పు చేస్తే నీళ్ల వేగం తగ్గుతుంది. పోర్టులో గాలీ అంతే. వేగం తగ్గితే గాలి, పెట్రోలు సరిగా కలవవు. అందుకే మామ కొత్త హెడ్డులో పోర్టును పెద్దది చేయలేదు. పోత పోసినప్పుడు మిగిలిన బుడిపెలు తీసినాడు. వాల్వు సీటు కింద ఉన్న అంచును మెత్తగా మలిచినాడు. గ్యాస్కెట్ రంధ్రమూ పోర్టు రంధ్రమూ ఒకటిగా కలిసేట్టు చేసినాడు. గాలి వచ్చే వైపు కొంచెం గరుకుగానే వదిలినాడు. పొగ పోయే వైపు మాత్రం నున్నగా చేసినాడు, మసి తొందరగా పట్టకూడదని. ఈ పనికి రెండు రోజులు పట్టింది. అందులో గ్రైండరు తిరిగింది కొంచెంసేపే. మిగతాదంతా కొలవడమే.

"టర్బో ఎట్లాగూ గాలిని తోస్తుంది కదా, పోర్టుకు ఇంత శ్రమ ఎందుకు?" అని ఆ అన్న అడిగినాడు. మామ చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది. గేజీలో కనబడే ఒత్తిడి అంతా లోపలికి పోయిన గాలి కాదప్పా, లోపలికి పోలేక బయట ఆగిపోయిన గాలి కూడా అందులో ఉంటుంది అన్నాడు. దారి సరిగా లేకపోతే ముల్లు పైకి పోతుంది, సిలిండరు మాత్రం నిండదు. ట్యూషన్ల మీద ట్యూషన్లు పెట్టే తల్లిదండ్రులు కూడా ఈ వాక్యం ఒకసారి చదవాలని నా మనవి.

ఇక లెక్కల సంగతి. 41 వచ్చిన అబ్బాయి ఆ సెలవుల్లో ఏం చేసినాడో చెప్తాను. ఆ ఇంజను కంప్రెషన్ 10కి 1. అంటే లోపలికి వచ్చిన గాలిని పదో వంతుకు నొక్కుతుంది. టర్బో ముందే నొక్కిన గాలిని మళ్లీ అంత నొక్కితే వేడి ఎక్కువై, పెట్రోలు తనంతట తానే భగ్గుమంటుంది. పిస్టను కరిగి రంధ్రం పడుతుంది. అందుకే మామ దాన్ని 8.5కి దించాలన్నాడు. 2015లో వచ్చిన కవాసాకి నింజా హెచ్2 సూపర్‌ఛార్జరు బండికి కూడా 8.5 ఉంది.

200ను 9తో భాగిస్తే 22.2. అంటే మొదట పైన మిగిలే చోటు 22.2 సీసీ. 200ను 7.5తో భాగిస్తే 26.7. తేడా నాలుగున్నర సీసీ. సిలిండరు వ్యాసం 67 మిల్లీమీటర్లు కాబట్టి దాని వైశాల్యం సుమారు 35.2 చదరపు సెంటీమీటర్లు. నాలుగున్నరను దానితో భాగిస్తే సుమారు ఒకటింబావు మిల్లీమీటరు. సిలిండరు కింద అంత మందం అల్యూమినియం పలక పెట్టాలి. పలక పెడితే కామ్ చైను టైమింగు కూడా కొంచెం మారుతుంది, దాన్ని మళ్లీ సరిచూడాలి.

వాల్వు స్ప్రింగు లెక్క కూడా చేసినాను. టర్బో గాలి అర బార్ ఒత్తిడితో వాల్వు వెనక నుంచి తోస్తుంది. వాల్వు వ్యాసం 30 మిల్లీమీటర్లు. పై ఆర్ స్క్వేరు వేస్తే ఏడు చదరపు సెంటీమీటర్లు. అంటే సుమారు మూడున్నర కిలోల బలం వాల్వును తెరవాలని చూస్తుంది. అందుకే గట్టి స్ప్రింగు కావాలి. పై ఆర్ స్క్వేరు నాకు ఎప్పటినుంచో పుస్తకంలో కనబడుతూనే ఉంది. దానికి బరువు ఉంటుందని ఆ రోజే తెలిసింది.

వాల్వు సీటును మూడు కోణాల్లో కోస్తారు: 30, 45, 60 డిగ్రీలు. వాల్వు ఆనేది 45 డిగ్రీల పట్టీ మీదే. పొగ వాల్వు వేడి ఎక్కువగా ఆ పట్టీ నుంచే హెడ్డులోకి దిగిపోతుంది. పట్టీ మరీ సన్నగా ఉంటే వాల్వు కాలిపోతుంది. ల్యాపింగ్ పేస్టు రాసి రుద్దినాక, పోర్టులో కిరసనాయిలు పోసి ఒక్క చుక్క కారుతుందా అని చూస్తాం. హెడ్డు అడుగు వంగిందేమో చూడడానికి స్టీలు పట్టీ పెట్టి, సందులో 0.05 మిల్లీమీటరు ఫీలర్ గేజి దూరుతుందా అని చూస్తాం. ఇదంతా చదువు కాకపోతే మరేమిటి?

షెడ్డులో అంతా సరిగ్గా ఉందని నేను చెప్పను. మా మామదీ ఒక పెద్ద తప్పుంది. కొలతలన్నీ నోట్లోనే పెట్టుకుంటాడు, కాగితం మీద పెట్టడు. ఒకసారి ఆయనకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది. హెడ్డు బోల్టు ఎంత బిగించాలో ఎవరికీ తెలియక, షెడ్డులో పనిచేసే అన్న అందాజుగా బిగిస్తే అల్యూమినియంలో మరలు ఊడిపోయినాయి. ఆ నష్టం మామే భరించినాడు. అప్పటినుంచి నేను ఒక నోటుబుక్కులో తెలుగులో రాస్తున్నాను: బండి, తేదీ, కొలత, బిగింపు, ఏ వరసలో బిగించాలి. మొదట్లో మామ నవ్వినాడు. ఇప్పుడు ఎవరైనా ఫోను చేస్తే, "అల్లుడి బుక్కు చూడండి" అంటున్నాడు. తెలుగు మీడియంలో చదివితే టెక్నికల్ పనికి పనికిరాదు అనేవాళ్లకు ఆ పుస్తకం చూపిస్తాను. హెడ్డును హెడ్డు అనే రాసినాను, వాల్వును వాల్వు అనే రాసినాను. వాక్యం తెలుగుదే, అందరికీ అర్థమవుతోంది.

బడికి షెడ్డు అవసరం, షెడ్డుకు బడి అవసరం. ఒకదాన్ని చూపి ఇంకోదానికి భయపెడితే రెండూ నష్టపోతాయి. బాగా చదివే అబ్బాయి చేతులకు గ్రీసు అంటనివ్వడు. షెడ్డుకు పోయిన అబ్బాయి పుస్తకం మళ్లీ ముట్టడు. ఆడపిల్లలనైతే షెడ్డు గుమ్మం దాకా కూడా రానివ్వరు. మా క్లాసులో లెక్కల్లో 98 తెచ్చుకున్న అమ్మాయి నా నోటుబుక్కు చూసి ఒక తప్పు పట్టుకుంది. నేను వ్యాసాన్ని వ్యాసార్థం అనుకొని ఒకచోట లెక్క వేసినాను. పలక కోయకముందే ఆమె చెప్పింది కాబట్టి సరిపోయింది.

అందుకని మా ప్రధానోపాధ్యాయులనూ సైన్సు టీచర్లనూ కోరుతున్నాను. పాడైన ఆ పాత హెడ్డును మన ల్యాబుకు ఉచితంగా ఇస్తానని మామ ఒప్పుకున్నాడు, ఆ అన్న కూడా సరేనన్నాడు. దాన్ని నిలువునా కోసి బల్ల మీద పెడదాం. మన కెమిస్ట్రీ బ్యూరెట్టుతో ఆ గదిలో ఎన్ని సీసీలు పడతాయో కొలుద్దాం. షెడ్డులో మేము ఇంజెక్షను సిరంజితో కొలుస్తున్నాం, బ్యూరెట్టు అయితే ఇంకా కచ్చితంగా వస్తుంది.

తల్లిదండ్రులను ఒకటే అడుగుతున్నాను. మార్కులు తక్కువ వస్తే తిట్టండి, చదవమని కూర్చోబెట్టండి. మా మామ పనిని మాత్రం బెత్తంలా వాడకండి. నాయనా, ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి హాఫ్ ఇయర్లీ మార్కులు కూడా వచ్చి ఉంటాయి. ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా ఆదివారం నేను షెడ్డుకు పోతాను. మీరూ ఒకసారి రండి.