నిపుణులు ఏమన్నారో ప్రజలకు చెప్పాలి

కరోనా పోయిందని పాలకులు ఫైళ్లు మూసేశారు. చందూర్, వర్ని, బోధన్ ప్రాంతాల ఆడవాళ్లకు మాత్రం ఆ రోజుల లెక్క ఇంకా తేలలేదు.

2020 మార్చి 7న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు కరోనాకు పారాసిటమాల్ గోళీ చాలని శాసనసభలో అన్నారు. ఒక శాస్త్రవేత్త మిత్రుడు తనకు అలా చెప్పారన్నారు. సరిగ్గా పదిహేను రోజులకు, మార్చి 22న, రాష్ట్రమంతా లాక్‌డౌన్ ప్రకటించారు. కొత్త రోగం విషయంలో నిర్ణయం మారడం తప్పు కాదు. వైద్యులు కూడా మాట మార్చుకోవలసి వస్తుంది. కానీ ఎందుకు మారిందో, ఎవరి సలహాతో మారిందో ప్రజలకు చెప్పవద్దా? మిత్రుడి మాట నిపుణుల సలహా అవుతుందా?

ఆ నిర్ణయాల బరువు ఎవరి మీద పడింది? కంపెనీలు ఆకు, తంబాకు ఇవ్వడం ఆపేస్తే బీడీలు చుట్టే ఆడవాళ్ల కూలి ఆగిపోయింది. నెల్లూరులో చిక్కుకున్న కొడుకు కోసం 2020 ఏప్రిల్‌లో బోధన్ ఉపాధ్యాయిని ఒకరు స్కూటర్ మీద రానూపోనూ సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణించారు. పత్రికలన్నీ ఆమె తల్లి ప్రేమను మెచ్చుకున్నాయి. ఒక తల్లికి ఆ అవసరం ఎందుకొచ్చిందని అడిగినవారు తక్కువ.

పరీక్షలు చాలడం లేదని, వివరాలు దాస్తున్నారని హైకోర్టు 2020లో ప్రభుత్వాన్ని పలుమార్లు మందలించింది. 2021 మే నెలలో రోగం మళ్లీ విజృంభించినప్పుడు ఆరోగ్యశాఖ ముఖ్యమంత్రి చేతిలోనే ఉంది. ఇంటింటి జ్వర సర్వేకు గడపగడపా ఎక్కింది మాత్రం ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు, అంగన్‌వాడీ టీచర్లు. ప్రభుత్వం మాట మార్చినప్పుడల్లా ఊళ్లో జవాబు చెప్పుకోవలసింది వాళ్లే. నిర్ణయాలు జరిగే చోట వాళ్ల మాట అడిగిందెవరు?

నాయకులు డాక్టర్లు కానక్కరలేదు. డాక్టర్లే పాలించాలని కూడా మేము అనడం లేదు. నిర్ణయం ప్రజలెన్నుకున్న ప్రభుత్వానిదే, జవాబుదారీ కూడా దానిదే. అందుకే నిపుణుల కమిటీలో ఎవరున్నారో, ఏ సలహా ఇచ్చారో ప్రకటించాలి. సలహా పాటించకపోతే కారణం చెప్పాలి. జిల్లా, మండల కమిటీల్లో ఆశాలకు, బీడీ కార్మికులకు చోటివ్వాలి. పని ఆపమన్న ప్రభుత్వమే ఆ రోజుల కూలికి పూచీ పడాలి.

సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని 1996లోనే పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వైద్యం పాలకుల దయ కాదు. మరో రోగం ముంచుకొచ్చేదాకా ఆగకుండా, ఈ ప్రశ్నలను ఇప్పుడే మన గ్రామసభల్లో అడుగుదాం.